చలికాలమున తోట కాపుదల

మార్గశిరమున వరికోతలు ముగియును. పుష్యమాసము నాటికి కుప్పలు నూర్చి ధాన్యము ఇంటికి చేర్చుకొందుము. ఇక పొలమునకు కాపు కాయవలసిన పని తీరినదని కంబళి కప్పుకొని పెందలకడనే పరుండుదుము. కాని తోటకు కాపు మిక్కిలి అవసరమగునది ఆ దినములలోనే. తెల్లవారి మంచు విడిచిన తరువాత తోటకు పోయిన రైతునకు, తొలకరిలో నాటిన కొబ్బరి మొక్క వేళ్ళతో సహా పెకలిపోయి పక్కన పడియుండుట కనబడును. జీడిమామిడి అంటు కొడవలితో కోసినట్లు తెగియుండును. ఏ జంతువు వచ్చినదో, ఏ జామున వచ్చినదో తెలియదు. ఆరు నెలల నీరు, ఎరువు, శ్రమ ఒక్క రాత్రిలో పోయినవి.

శ్రీకాకుళము, విజయనగరము సీమలలో ఈ నష్టము చిన్నది కాదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములను కలిపి ఉద్దానమందురు. ఉద్యానవనము అను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస అచ్చటి కుటుంబములకు అన్నము పెట్టు చెట్లు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ తుఫానులు ఈ తీరమును కుదిపినవి. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి, తాతల నాటి కొబ్బరిచెట్లను, జీడితోటలను నేలకూల్చినది. ఆ నేలలోనే జనులు మరల గోతులు త్రవ్వి మొక్కలు నాటిరి. దేశవాళీ కొబ్బరి ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. జీడిమామిడి అంటు మూడవయేట కాయ మొదలుపెట్టినను, కుటుంబమును పోషించుటకు మరికొన్ని ఏండ్లు పట్టును. పెద్దచెట్టును గాలి పడగొట్టగా, దాని చోట నాటిన పిల్లమొక్కను పంది పెకలించినచో, ఆ రైతునకు నష్టము రెండుమారులు జరిగినట్లే. గాలిని మనము ఆపలేము. పంది విషయమున మాత్రము చేయగలిగినది చాల ఉన్నది.

ముందుగా, ఈ బెడద చలికాలముననే ఏల హెచ్చునో తెలిసికొందము. శీతల దేశములలో ఈ ప్రశ్నకు జవాబు తేలిక. అచ్చట నేల యంతయు మంచుచే కప్పబడి గడ్డి దొరకదు. కుందేళ్ళు, ఎలుకజాతి ప్రాణులు, జింకలు ఆకలి తాళలేక చెట్ల బెరడు కొరికి తినును. అందుచే ఆపిల్ తోటలవారు మంచు పడకముందే ప్రతి చెట్టు మొదటను ఇనుపవల చుట్టుదురు. ఆ వల మంచు పేరుకొను ఎత్తును మించి ఉండవలెను. లేనిచో కుందేలు పేరుకొన్న మంచుపై నిలిచి, వలకు పైభాగమున కొరుకును.

మనకు అట్టి మంచు లేదు. మన కారణములు వేరు. మొదటిది వరికోత. చేను నిలిచియున్నంత కాలము అడవిపందికి, ఎలుకకు, పందికొక్కునకు అందులోనే తిండి, అందులోనే చాటు. చేను కోయగానే రెండును పోవును. గట్టున ఉన్న తోట ఒక్కటే పచ్చగా మిగులును. రెండవది తడి. వానలు వెనుకబట్టగానే తూర్పు కనుమలలో గడ్డి ముదిరి ఎండనారంభించును, గెడ్డలు సన్నగిల్లును. నీరు పెట్టిన తోటలోనో లేత చిగురు, మెత్తని నేల, నేలలో వానపాములు ఉండును. మూడవది రాత్రి నిడివి. డిసెంబరు చివర మన ప్రాంతమున రాత్రి సుమారు 13 గంటలుండును. రాత్రివేళ తిరుగు జంతువునకు పని గంటలు హెచ్చును, కావలివానికి నిద్ర హెచ్చును. నాలుగవది మన అలవాటు. కోతలైన తరువాత పశువులను, మేకలను విచ్చలవిడిగా వదలివేయుదుము. లేతమొక్క విషయమున మేకకును జింకకును భేదము లేదు. అడవిజంతువు చేసినదనుకొన్న నష్టములో కొంత మన ఇంటి మేక చేసినదే.

చిన్న గాయము చేత చెట్టు ఏల చచ్చునన్నది తరువాతి ప్రశ్న. మన తోటలలో రెండు తరగతుల చెట్లు కలవు. మామిడి, జీడిమామిడి, పనస, చింత ఒక తరగతి. వీనిలో వేళ్ళు పీల్చిన నీరు చెక్క గుండ పైకి పోవును. ఆకులు తయారుచేసిన ఆహారము బెరడు లోపలి మెత్తని పొర గుండ క్రిందికి దిగి వేళ్ళను పోషించును. జంతువులు కోరునది ఆ తియ్యని మెత్తని పొరనే. బెరడు ఒక పక్క పోయినచో చెట్టు బ్రతుకును. మొదలు చుట్టును వడ్డాణము వలె పోయినచో వేళ్ళకు ఆహారము అందదు. విచిత్రమేమనగా చెట్టు వెంటనే వాడదు. నీరు చెక్క గుండ పైకి పోవుచునే యుండును గనుక ఆకులు కొన్ని వారములు పచ్చగనే యుండును. వేళ్ళు ఆకలిచే క్షీణించిన పిమ్మట చెట్టు నిలువున ఎండును. పుష్యమాసమున ఎలుక కొరికిన మొక్క చైత్రమున ఎండగా, మనము ఎండదెబ్బ యని సరిపెట్టుకొందుము.

కొబ్బరి, తాటి, అరటి రెండవ తరగతి. కొబ్బరి మానులో నీటి నాళములు, ఆహార నాళములు కలిసి మాను నిండ చెదరియుండును. కావున పైన గీచిన గాయము దానిని చంపదు. కాని దాని ప్రాణమంతయు నడినెత్తిన ఉన్న ఒక్క మొవ్వులో నిలిచియున్నది. మామిడి కొమ్మ విరిచినచో మరొక కొమ్మ వచ్చును. కొబ్బరికి మొవ్వు పోయినచో మరొకటి రాదు. లేత కొబ్బరి మొక్కకు ఆ మొవ్వు నేలకు జానెడు ఎత్తుననే ఉండుటచే పందికి, ఏదుపందికి సులభముగా అందును. మామిడికి మొదలును, కొబ్బరికి మొవ్వును కాపాడవలెనన్న సూత్రము ఇందుండియే వచ్చినది.

ఇక వచ్చిన జంతువు ఏదో గుర్తించుట నేర్వవలెను. గుర్తింపక కట్టిన కంచె తరచు వృథాయగును. కొమ్మ కొనలు నునుపుగా, ఏటవాలుగా తెగియున్నచో అది కుందేలు పని. దానికి పైదవడను, క్రింది దవడను ఉలి వంటి ముందుపండ్లు ఉండుటచే కోత నునుపుగా పడును. కొన చీలి, పీచు వ్రేలాడుచున్నచో జింకయో, మేకయో, పశువో వచ్చినదని తెలియవలెను. వీనికి పైదవడ ముందుపండ్లు లేవు. అవి కోయజాలవు, లాగి త్రెంచును. మొక్క మొదటను బెరడుపై వెడల్పైన జంట పంటిగాట్లుండి, సమీపమున నలుపు తెలుపు చారల ముల్లు రాలియున్నచో అది ఏదుపంది. నేల నాగలితో దున్నినట్లు లేచి, మొక్క తలక్రిందులైయున్నచో అడవిపంది. గడ్డి కప్పిన చోట మొదటను సన్నని గాట్లున్నచో ఎలుక. కొబ్బరిచెట్టు క్రింద ముచ్చిక దగ్గర రంధ్రము గల లేతకాయలు రాలియున్నచో, దొంగ నేలపై లేడు. చెట్టు తలలో కాపురమున్న ఎలుకయే ఆ దొంగ.

దొంగను గుర్తించిన పిమ్మట, ప్రతి మొక్కకు కవచము తొడుగుట అన్నిటికంటె నమ్మదగిన ఉపాయము. గజమెత్తు ఇనుపవలను గుండ్రముగా చుట్టి మొక్క చుట్టు నిలిపి, అడుగు జానెడు లోతు మట్టిలో పాతవలెను. పాతని వల క్రింద ఏదుపంది త్రవ్వి దూరును. వల కన్నులు మిక్కిలి సన్నగా ఉన్నచో ఎలుక కూడ ఆగును. వలకును కాండమునకును నడుమ కనీసము బెత్తెడు ఎడముండవలెను. వల కొన శక్తి లేనివారు వెదురు తడికెను గాని, రెండు పేటల తాటిమట్టలను గాని అట్లే పాతి, పైన రేగుకంపయో తుమ్మకంపయో చుట్టవచ్చును. కంపను ఏటేట మార్చుట మరువరాదు. ఎండి చితికిన కంప ఎవరినీ ఆపదు. కాండమునకు తీగ బిగించి కట్టుట మాత్రము ఎన్నడును కూడదు. కాండము లావైన కొలది తీగ బెరడులోనికి దిగి, ఎలుక చేయు హానినే మన కంచె చేయును.

మేము చేసిన పొరపాటొకటి ఇచ్చట చెప్పుట మంచిది. ఒక ఏడు తడి నిలుచునని మామిడి అంట్ల మొదళ్ళ చుట్టు ఎండుగడ్డిని మందముగా పరచితిమి. మొక్కలు నవనవలాడుచుండగా మా తెలివికి మేమే మెచ్చుకొంటిమి. మాఘమాసమున గడ్డి తొలగించి చూతుము గదా, లోపల ఎలుకలు వెచ్చగా గూడు కట్టుకొని, ఎనిమిది మొక్కలలో అయిదింటి బెరడు చుట్టును కొరికియున్నవి. గడ్డి పరచుట తప్పు కాదు. మొదటి వరకు పరచుట తప్పు. అప్పటి నుండి కాండము చుట్టు మూరెడు మేర నేలను శుభ్రముగా విడిచి, ఆ వెలుపలనే గడ్డి పరచుచున్నాము. మరల అట్టి నష్టము కలుగలేదు.

గాయపడిన మొక్కను వెంటనే పెరికివేయ నక్కరలేదు. బెరడు ఒక పక్కనే పోయినచో, చిరిగిన అంచులను పదునైన కత్తితో సరిచేసి, బోర్డో ముద్దను పూయవలెను. కిలో మైలుతుత్తము, కిలో సున్నము వేరువేరుగా నీట కలిపి, మొత్తము పది లీటర్లగునట్లు చేర్చినచో ఈ ముద్ద తయారగును. దీనిని ఇనుప పాత్రలో కలుపరాదు. ఇది జంతువును తరుమదు గాని గాయములో తెగులు ప్రవేశింపకుండ కాపాడును. చుట్టును బెరడు పోయిన విలువైన చెట్టునకు చలిదేశముల తోటమాలులు వంతెన అంటు కట్టుదురు. అదే చెట్టు నుండి తీసిన సన్నని కొమ్మల రెండు కొనలను గాయమునకు పైనను క్రిందను బెరడులో దూర్చి అతికింతురు. ఆహారము ఆ కొమ్మల మీదుగా ఏరు దాటినట్లు క్రిందికి దిగును. నేర్పు గలవారు చేయవలసిన పని యిది.

కాపునకు వచ్చిన కొబ్బరికి ఉపాయము వేరు. నేల నుండి ఆరేడడుగుల ఎత్తున, మూరెడు వెడల్పు గల రేకును మాను చుట్టు సందు లేకుండ తొడిగినచో ఎలుక గోళ్ళకు పట్టు చిక్కక జారును. అయితే ఒక చెట్టు మట్ట మరొక చెట్టును తాకుచున్నచో రేకు వలన ప్రయోజనము లేదు; ఎలుక ఆ వంతెన మీదుగా వచ్చును. తోట వేయునాడే ఎనిమిదేసి మీటర్ల ఎడమున నాటుమని నిపుణులు చెప్పుటలో ఈ లాభము కూడ ఉన్నది. ఎలుకమందు పెట్టువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. మందు తిని తూలుచున్న ఎలుకను గుడ్లగూబ తినును; తిని తానును చచ్చును. కూలి అడుగని కావలివానిని మనమే చంపుకొన్నట్లగును.

ఒక్కొక్క మొక్కను గాక తోట మొత్తమును కాపాడుటకు కంచె కావలెను. ఉద్దానపు ఇసుకనేలలలో మొగలిపొదల దడి పాతకాలము నుండి ఉన్నది. దాని అంచుల ముళ్ళు పశువును ఆపును. వేళ్ళు ఇసుకను పట్టియుంచును. మెట్టనేలలలో కిత్తనార, గచ్చపొద అట్లే పనిచేయును. పొదల అడుగు సందులు పూడ్చుట ముఖ్యము. అడవిపంది దూకుట కంటె దూరుటయే హెచ్చు. పాతచీరలను చేను చుట్టు కట్టుట ఇటీవల మన పల్లెలలో తరచు చూచుచున్నాము. కొత్తలో పంది బెదరును. కాని పంది కంటిచూపు మందము, వాసన పట్టుటలో మాత్రము దిట్ట. మనిషి వాసన లేని చీర ఏమియు చేయదని కొలది దినములలో గ్రహించును. కావున చీరలను, డబ్బాలను, దిష్టిబొమ్మలను తరచు చోటు మార్చుచుండవలెను.

ఇచ్చట మేము గట్టిగా చెప్పదలచిన మాట యొకటి ఉన్నది. పంది బాధ పడలేక కొందరు ఇంటి కరెంటు తీగను చేను చుట్టు కట్టుచున్నారు. ఆ తీగకు పంది ఏదో, పక్కయింటి పిల్లవాడు ఏడో తెలియదు. తెల్లవారకముందు నీరు కట్టుటకు పోయిన రైతు తాను కట్టిన తీగకే బలియైన సందర్భములు తెలుగు నాట అనేకము. అది చట్టరీత్యా నేరము కూడ. సౌరశక్తి కంచె వేరు, ఇది వేరు. సౌరకంచెలో విద్యుత్తు సెకనున కొకమారు, కన్ను మూసి తెరచునంత సేపు కూడ లేని చిన్న తాకుడుగా వచ్చి ఆగిపోవును. జంతువు ఉలికిపడి వెనుకకు తగ్గును గాని చావదు. ఇంటి కరెంటు ఎడతెగక ప్రవహించుచు తాకినదానిని విడువదు. సౌరకంచె కూడ ఆ పనికై తయారైన యంత్రముతోనే నడువవలెను. దాని తీగలకు గడ్డి తగిలినచో శక్తి నేలకు పోవును గనుక, క్రింద గడ్డి ఎప్పటికప్పుడు కోయవలెను.

ఈ మాటకు ఏనుగుల కథ సాక్ష్యము. 2007లో ఒడిశాలోని లఖారి లోయ నుండి ఏనుగులు మన సీమకు దిగివచ్చినవి. 2018లో మరొక గుంపు వచ్చినది. అప్పటి నుండి, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా పల్లెలకు అరటి, చెరకు, కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలను కాపాడుకొనుట ప్రాణసంకటమైనది. ఏనుగుల వలన పంటలే గాక మనుష్యుల ప్రాణములు కూడ పోయినవి. 2023 మే 12వ తేదీన భామిని మండలమున నాలుగు ఏనుగులు విద్యుదాఘాతముచే ఒక్కమారే మరణించినవి. ఇందు గెలిచినవారు లేరు. ఏనుగును మొక్క కవచము ఆపదు, మొగలిదడి ఆపదు. ఏనుగులు తిరుగు గ్రామమున చేయదగినవి మూడు: పండిన అరటిగెలలను తోటలో నిలువయుంచక వెంటనే తరలించుట, గుంపు జాడను అటవీశాఖవారికి వెంటనే తెలుపుట, చీకటిలో ఒంటరిగ తోటకు పోకుండుట. పేడపిడకలలో ఎండుమిరపకాయలు కలిపి పొగ పెట్టుట ఆఫ్రికాలోను ఆసియాలోను వాడుకలో ఉన్నది. కెన్యాలో తేనెటీగల పెట్టెలను తీగకు వ్రేలాడదీసి కంచెగా కట్టుదురు. ఏనుగు తీగను తాకగానే ఈగలు లేచును. అంతటి ఏనుగు ఈగకు జడియును! అట్టి కంచె రైతునకు తేనె కూడ ఇచ్చును.

ఎలుగుబంటి సంగతి మరియొక విధము. నిజమునకు ఎలుగు చెట్టునకు చేయు హాని స్వల్పము. పుట్టలు త్రవ్వి చెదలు తినును, పనసపండునకు, జీడిపండునకు వచ్చి ఒకటి రెండు కొమ్మలు విరుచును. ప్రమాదము మనిషికి. 2022 జూన్ మాసమున వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి ప్రాంతమున ఎలుగు దాడిలో ఒక మనిషి మరణించెను, పలువురు గాయపడిరి. పట్టుబడిన ఆ ఎలుగు కూడ మరణించెను. కొండలు రాతికొరకు తొలిచినచోట ఎలుగునకు గుహ లేదు. పొదలు నరికినచోట తిండి లేదు. మనము భోగినాడు పిల్లల తలపై పోయు రేగుపండ్లే ఎలుగునకు చలికాలపు ఆహారములో ఒకటి. కొండవాలున రేగు, ఈత, మేడి పొదలను నరుకక విడిచినచో, ఎలుగు ఊరివైపు దిగవలసిన అవసరము కొంత తగ్గును. అడవి అంచున ఒక పొదను బ్రతుకనిచ్చుట కూడ తోట కాపుదలయే.

టెక్కలి సమీపమున తేలినీలాపురము కలదు. ఏటేట వానకాలము చివర గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును అచ్చటికి వచ్చి, చింతచెట్లపై, తుమ్మచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదురునప్పటికి వెడలిపోవును. వాని రెట్ట పడి ఆకులు మాడును, కొమ్మలు బలహీనపడును. అయినను ఊరివారు వానిని తరుమరు. పక్షులు వచ్చిన ఏడు ఊరికి మేలని వారి నమ్మకము. చెట్టు దెబ్బతిన్నచో పక్కన మరొక చెట్టు నాటుకొనుటయే అచ్చట తగిన మార్గము. అన్ని జంతువుల పట్ల అంత ఓర్పు సాధ్యము కాదని మాకు తెలియును. మొక్క పోయిన రైతు బాధ చూచినవారము. కాని చంపుట, ఉచ్చు వేయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధమగుటయే గాక, దాని వలన కాపుదల కూడ నిలువదు. ఒక పంది పోయినచో దాని చోటికి మరొకటి వచ్చును. కవచము తొడిగిన మొక్క ఎన్ని పందులు వచ్చినను నిలుచును.

కావున ఈ పనిని పంచాంగము వలె క్రమముగా చేసికొందము. కార్తీకమున మొక్కల మొదళ్ళ చుట్టు గడ్డి తీసి నేల శుభ్రము చేయవలెను. మార్గశిరమున, కోత ముగియక పూర్వమే, వలలు, తడికెలు పాతి, కొబ్బరి మానులకు రేకులు తొడగవలెను. పుష్య మాఘములలో ప్రతి ఉదయము తోట తిరిగి, పంటిగాట్లు, అడుగుజాడలు చూచి, గాయములకు మందు పూయవలెను. మేకలను కట్టివేయుట ఊరి కట్టుబాటుగా చేసికొనవలెను. ఫాల్గుణమున తడికెలు సరిచూచి, కాండము లావైన చోట ఎడము పెంచవలెను. మూడు నాలుగు చలికాలములు ఇట్లు గడచినచో జీడిమామిడి బెరడు ముదురును, కొబ్బరి మొవ్వు పంది మూతికి అందని ఎత్తునకు పోవును. అటుపిమ్మట చెట్టు తన్ను తానే కాచుకొనును. తుఫానుకు పోయిన తోటను మరల నాటిన చేతులు ఈ మూడు నాలుగేండ్ల కాపుదలకు వెనుదీయవని మా నమ్మకము.